నల్లజీలకర్ర: రెండు సెంట్లలో సాగు, చేతి విత్తనం పంచుకునే పద్ధతి

సత్తెనపల్లి చుట్టుపక్కల నల్లరేగడి భూముల్లో ఖరీఫ్ అంటే పత్తి, మిర్చి. రబీలో శనగ, మినుము, మొక్కజొన్న, అక్కడక్కడ ధనియాలు. ధనియాలు విత్తే రోజులు దగ్గర పడేసరికి ఏటా ఒకరిద్దరు రైతులు వచ్చి, "సార్, నల్లజీలకర్ర మన దగ్గర పండుతుందా?" అని అడుగుతుంటారు. పండుతుంది. చలి రోజుల్లో, నీరు నిలవని నేలలో, ధనియాల మాదిరిగానే పండుతుంది. అయితే మొదటి ఏడాదే ఎకరం వేయమని నేను ఎవరికీ చెప్పను. రెండు సెంట్లలో వేసి చూడాలి. బాగుంటే ఆ విత్తనాన్నే దాచుకుని, తోటి రైతులకు పంచి, మెల్లగా పెంచుకోవాలి. ఈ పంటలో సాగు కంటే విత్తనం దగ్గరే ఎక్కువ మంది దెబ్బ తింటున్నారు కాబట్టి ఈ వ్యాసంలో విత్తనం గురించే ఎక్కువగా వివరిస్తున్నాను.

ఇది ఏ కుటుంబపు మొక్క?

పేరులో జీలకర్ర ఉన్నా ఇది జీలకర్ర జాతి కాదు. జీలకర్ర, ధనియాలు, వాము, సోంపు ఒక కుటుంబం. నల్లజీలకర్ర బటర్‌కప్ కుటుంబానికి, అంటే రానన్‌క్యులేసి కుటుంబానికి చెందినది. శాస్త్రీయ నామం నైజెల్లా సటైవా. హిందీలో కలోంజి. ఈ కుటుంబంలో ఎక్కువ మొక్కలు చల్లని దేశాలవి. మన వైపు తూర్పు కనుమల అడవుల్లో క్లెమాటిస్, నారవేలియా వంటి తీగలు కొన్ని ఉన్నాయి గానీ, మన మైదానాల్లో పంటగా వేసుకోదగ్గది ఈ కుటుంబంలో నల్లజీలకర్ర ఒక్కటే.

ఇంగ్లండు, స్కాట్లండు, అమెరికాలలో రాతితోటలు పెంచేవాళ్ళు బటర్‌కప్ కుటుంబపు అరుదైన జాతులను ప్రాణంగా చూసుకుంటారు. కొండ మొక్కల వేళ్ళ దగ్గర నీరు నిలవకుండా రాళ్ళు, కంకర పరిచి మడులు కడతారు. ఆ జాతుల్లో చాలావాటి గింజ పాతబడితే మొలవదు, కొన్నింటికి చలి తగిలితే గాని మొలక రాదు. అందువల్ల కొట్లో కొనడం కంటే ఒకరి చేతి నుంచి ఒకరికి తాజా విత్తనం అందడమే వాళ్ళకు ముఖ్యం. 1929లో ఇంగ్లండులో ఏర్పడిన ఆల్పైన్ గార్డెన్ సొసైటీ, 1933లో ఏర్పడిన స్కాటిష్ రాక్ గార్డెన్ క్లబ్ వంటి సంఘాలు సభ్యుల దగ్గర విత్తనం సేకరించి, చిన్న పొట్లాలు కట్టి, పేరు రాసి తిరిగి సభ్యులకే పంచుతుంటాయి. వాళ్ళది సరదా, మనది బతుకుతెరువు. అయినా వాళ్ళ దగ్గర నేర్చుకోదగ్గది ఒకటుంది: పేరు లేని పొట్లాన్ని ఎవరూ తీసుకోరు, ఎవరూ ఇవ్వరు.

పేర్ల గందరగోళం, దాని వల్ల వచ్చే ప్రమాదం

నల్లజీలకర్ర అని కొట్లో అడిగితే ఒక్కోచోట ఒక్కోటి ఇస్తారు. బిర్యానీలో వేసే షాజీరాను కూడా కొందరు నల్లజీలకర్ర అంటారు. అది సన్నగా, పొడవుగా, గోధుమ నలుపు రంగులో జీలకర్ర ఆకారంలోనే ఉంటుంది. కాశ్మీరు, హిమాచల్ కొండల పంట. మన ఎండలకు రాదు, తెచ్చి చల్లి డబ్బు పోగొట్టుకోవద్దు.

రెండోది ఉల్లి విత్తనం. కలోంజిని ఉల్లి గింజలనే పేరుతో అమ్మే అలవాటు కొన్నిచోట్ల ఉంది. రెండూ నల్లగా, దాదాపు ఒకే సైజులో ఉంటాయి. తేడా ఇలా గుర్తుపట్టాలి. నల్లజీలకర్ర గింజకు మూడు అంచులు తేటగా ఉంటాయి, ఒంటి మీద సన్నని గరుకు ఉంటుంది, వేళ్ళ మధ్య గట్టిగా నలిపితే ఘాటైన వాసన వస్తుంది, లోపలి పప్పు తెల్లగా నూనెగా ఉంటుంది. ఉల్లి గింజ ముడతలు పడి, అడ్డదిడ్డంగా నొక్కుకుపోయినట్టు ఉంటుంది, నలిపినా ఆ ఘాటు రాదు. నోట్లో వేసుకుని మాత్రం చూడవద్దు. విత్తనాల కొట్లో అమ్మే ఉల్లి గింజకు మందు పట్టించి ఉంటుంది. అప్పటికీ అనుమానం ఉంటే పది గింజలు కుండీలో వేయండి. ఉల్లి ఒకే ఆకుతో, సూది వంచినట్టు మెడ వంచుకుని పైకి వస్తుంది. నల్లజీలకర్ర రెండు బీజదళాలతో వచ్చి, తర్వాత సోంపు మొక్కలాగా సన్నని చీలికల ఆకులు వేస్తుంది.

మూడోది ఇంకా జాగ్రత్త పడాల్సిన విషయం. ఈ కుటుంబంలో విషపు చుట్టాలు చాలా ఉన్నాయి. ఆయుర్వేదంలో శుద్ధి చేసి వాడే వత్సనాభి ఈ కుటుంబానిదే. (మన కంచెల్లో పెరిగే అడవినాభి వేరు. అదీ విషమే గానీ కుటుంబం వేరు.) చలికాలంలో పూలకుండీల్లో పెంచే లార్క్‌స్పర్ కూడా ఈ కుటుంబానిదే. దాని గింజలూ నల్లగా చిన్నగా ఉంటాయి, అవి విషం. నైజెల్లాలోనే డమసీనా అనే పూలజాతి ఉంది. నీలం పూలతో చూడ ముచ్చటగా ఉంటుంది. దాని గింజ చూస్తే నల్లజీలకర్రే అనుకుంటాం. దాన్ని వంటకు వాడకూడదు.

చాలా ఏళ్ళ కిందట ఒక పూల ప్రదర్శన నుంచి లార్క్‌స్పర్ విత్తనం కాగితం పొట్లంలో కట్టించుకుని తెచ్చాను. దాని మీద ఏమీ రాయలేదు, నాకు గుర్తుంటుందిలే అనుకున్నాను. అదే అరలో వంటకు తెచ్చిన కలోంజి పొట్లం కూడా పెట్టాను. నెల తర్వాత పచ్చడిలోకి తీయబోతూ మా ఆవిడ, "ఏమండీ, ఈ రెంటిలో కలోంజి ఏది?" అని అడిగింది. వ్యవసాయ డిగ్రీ చదివి, అన్నేళ్ళు సర్వీసు చేసినవాణ్ణి, ఆ క్షణాన వెంటనే చెప్పలేకపోయాను. రెండు పొట్లాలూ పొయ్యిలో వేయించాను. ఆమె అడిగింది కాబట్టి సరిపోయింది.

అందుకే విత్తనానికి ఉంచిన నల్లజీలకర్రను వంటింట్లో పెట్టవద్దు. పూల విత్తనం ఉన్న ఇంట్లో అయితే అసలే వద్దు.

నేల, కాలం

నల్లరేగడి, ఎర్ర చల్కా, ఒండ్రు నేలలు ఏవైనా పనికొస్తాయి. నీరు నిలిచే చోటు పనికిరాదు. ఈ పంటకు వచ్చే ప్రధానమైన తెగులు వేరుకుళ్ళు, దానికి మూలం నీరు నిలవడమే. అక్టోబరు, నవంబరులో వాయుగుండం పట్టి రెండు రోజులు కురిసిందంటే మన రేగడిలో నీరు ఇంకదు. కాబట్టి చదును మడిలో కాకుండా జానెడు ఎత్తు మట్టి కట్టలు చేసి, వాటి మీద విత్తుకోవడం మేలు. రాతితోటలో కంకర చేసే పనే ఇక్కడ కట్ట చేస్తుంది. కిందటి పంటలో ఎండు తెగులు వచ్చిన మిర్చి మడిని దీనికి ఎంచుకోవద్దు.

ఉత్తరాదిలో అక్టోబరు నెల నుంచి విత్తుతారు. మన దగ్గర అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు మొదటి పక్షం దాకా, అంటే ధనియాలు వేసే రోజులే దీనికీ అనువు. పెసర, మినుము, ముందుగా వేసిన మొక్కజొన్న కోసిన భూమి సరిపోతుంది. పత్తి తీసేదాకా ఆగితే ఆలస్యమవుతుంది. డిసెంబరు నెలాఖరులో విత్తిన మడి ఒకటి చూశాను. మొక్క బాగానే లేచింది, పూత కూడా వచ్చింది. గింజ పాలు పోసుకునే సమయానికి ఎండలు ముదిరి, కాయలు తాలుపోయాయి. ఈ పంటకు గింజ గట్టిపడేదాకా చల్లదనం కావాలి.

విత్తనం ఎక్కడ దొరుకుతుంది?

పేరున్న రకాలు నాలుగు చెప్పవచ్చు. కాన్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఆజాద్ కలోంజి, పంత్‌నగర్ వారి పంత్ కృష్ణ, బీహారు వారి రాజేంద్ర శ్యామ, అజ్మీరులోని జాతీయ విత్తన సుగంధ ద్రవ్యాల పరిశోధన కేంద్రం వారి అజ్మీర్ నైజెల్లా-1. అజ్మీరు రకం అక్కడి వాతావరణంలో సుమారు 135 రోజుల పంట. మన వేడికి కొంత ముందే ముగుస్తుంది.

మనకు దగ్గరలో గుంటూరు పక్కన లాంలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. ధనియాలలో సింధు, సాధన, స్వాతి రకాలు ఆ లాం క్షేత్రం ఇచ్చినవే. ముందు అక్కడికి వెళ్ళి అడగండి. విత్తనం లేకపోయినా ఎక్కడ దొరుకుతుందో, ఏ రకం మనకు నప్పుతుందో చెప్పేవాళ్ళు అక్కడ ఉంటారు. మీ రైతు సేవా కేంద్రంలోని సహాయకుడి ద్వారా కూడా అడిగించవచ్చు.

కిరాణా కొట్టు కలోంజి మొలవదా అంటే, వేయించనిది, కొత్తది అయితే మొలుస్తుంది. కానీ అది ఏ రకమో, ఎన్ని రకాల కలగలుపో తెలియదు. ఇంటి పెరట్లో నాలుగు సాళ్ళకు ఫరవాలేదు. నలుగురికి పంచే విత్తనానికి పునాదిగా అది వద్దు.

విత్తనం చేతికి రాగానే మొలక పరీక్ష చేయాలి. 100 గింజలు లెక్కపెట్టి, తడిపి పిండిన నూలు గుడ్డలో వరుసగా పరిచి, చుట్టి, చీకటిగా చల్లగా ఉండే చోట పెట్టండి. గుడ్డ ఆరకుండా చూడాలి. ఇది మినుములాగా మూడో రోజుకే మొలిచేది కాదు. 14 రోజుల దాకా ఓపిక పట్టి లెక్క వేయండి. 70కి పైగా మొలిస్తే మామూలు మోతాదు చాలు. 50, 60 మధ్య ఉంటే మోతాదు పెంచాలి. అంతకంటే తగ్గితే ఆ విత్తనం వద్దు.

విత్తడం, పైపాట్లు

ఎకరాకు 3 కిలోల విత్తనం. రెండు సెంట్లకు 60 గ్రాములు చాలు. కిలో విత్తనానికి 10 గ్రాముల చొప్పున ట్రైకోడెర్మా విరిడి పట్టించాలి. 60 గ్రాములకు అర చెంచా పొడి, నాలుగు చుక్కల నీళ్ళు సరిపోతాయి. ఈ చిన్న పని మానవద్దు, వేరుకుళ్ళుకు మన దగ్గరున్న మొదటి అడ్డుకట్ట ఇదే.

విత్తనానికి ఐదు రెట్లు పొడి ఇసుక కలిపి, సాలుకు సాలుకు మధ్య అడుగు దూరం ఉంచి, ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల లోతులో వేసి సన్నగా మట్టి కప్పాలి. లోతు ఎక్కువైతే రేగడి పైన అట్ట కట్టి మొలకను రానివ్వదు. మొలవడానికి 10 నుంచి 15 రోజులు పడుతుంది. ఈలోగా మొలవలేదని కంగారు పడి మళ్ళీ దున్నినవాళ్ళున్నారు. పదును ఆరిపోతుందనుకుంటే పలచగా ఒక తడి ఇవ్వండి.

రెండు సెంట్లకు ఆఖరి దుక్కిలో 80 కిలోల బాగా మాగిన పశువుల ఎరువు, కిలో సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, పావు కిలో మ్యూరేట్ ఆఫ్ పొటాష్, 350 గ్రాముల యూరియా వేయాలి. నెల తర్వాత కలుపు తీసి మరో 350 గ్రాముల యూరియా. మిర్చికి వేసే అలవాటున దీనికీ చేయి జారవిడిస్తే మొక్క ఏపుగా పెరిగి పడిపోతుంది, గింజ రాదు.

మొదటి నెలంతా మొక్క చాలా నెమ్మదిగా పెరుగుతుంది, కలుపు దాన్ని ఇట్టే మింగేస్తుంది. 30 రోజులకు ఒకసారి, 60 రోజులకు మరోసారి చేత్తో కలుపు తీయించాలి. మొదటిసారి కలుపు తీసేటప్పుడే మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్లు ఉండేలా ఒత్తు పీకేయాలి. బరువైన రేగడిలో పూతకు ఒక తడి, గింజ కట్టేటప్పుడు ఒక తడి చాలు. తేలిక నేలలో నాలుగైదు కావాలి.

పూత దశలో పేనుబంక రావచ్చు. ముందు వేప నూనె లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. పొద్దున పూట వద్దు, తేనెటీగలు వచ్చే వేళ అది. లేత నీలం కలిసిన తెల్లని పూలు (రేకుల్లా కనిపించేవి నిజానికి రక్షక పత్రాలు) తేనెటీగలను బాగా పిలుస్తాయి, అవి తిరిగిన మడిలో గింజ బాగా కడుతుంది. ఇక్కడొక చిక్కుంది. పక్కనే మిర్చి ఉండి దాని మీద వారానికోసారి మందు కొడుతుంటే ఈగలు చస్తాయి, మందు తుంపర కూడా ఈ పూత మీద పడుతుంది. నల్లజీలకర్రను పచ్చి గింజగా తినేవాళ్ళుంటారు. కాబట్టి మిర్చి చేనికి ఆనించి కాకుండా, ఇంటి దగ్గరో, శనగ చేను పక్కనో వేసుకోండి.

కోత

కాయ బుడ్డగా ఉబ్బి, తలమీద ఐదారు కొమ్ములతో ఉంటుంది. కాయలు పసుపు తిరిగి గోధుమ రంగుకు వస్తుండగానే కోయాలి. పూర్తిగా ఎండనిస్తే కాయ పైన విచ్చుకుని గింజ నేల రాలుతుంది. మంచు తడి ఉన్న పొద్దున పూట కోసి, టార్పాలిన్ మీద నీడలో నాలుగైదు రోజులు ఆరబెట్టి, కర్రతో తేలిగ్గా కొట్టి, చాటతో చెరగాలి. ఉత్తరాదిలో నీటి వసతి కింద ఎకరాకు సుమారు 3 క్వింటాళ్ళు వస్తుంది. మన దగ్గర కొత్తగా వేసినవాళ్ళు రెండు సెంట్లకు 2 నుంచి 4 కిలోలు అనుకోండి. తక్కువ అనిపించవచ్చు. కానీ 60 గ్రాములు 3 కిలోలైతే అది ఎకరం విత్తనం, లేదా యాభై ఇళ్ళకు రెండేసి సెంట్ల విత్తనం.

విత్తనం దాచడం, పంచడం

విత్తనానికి ఉంచదలచిన మొక్కలను పూత దశలోనే ఎంచుకోవాలి. గట్టు పక్క మొక్కలు వదిలేసి, మడి మధ్యలో తెగులు లేని, కొమ్మలు బాగా వేసిన మొక్కలకు ఎర్ర దారం కట్టండి. నాలుగైదు మొక్కలతో సరిపెట్టవద్దు, కనీసం వంద ఉండాలి. తేనెటీగలు పుప్పొడిని అటూ ఇటూ మోస్తాయి కాబట్టి పక్కపక్క మడుల్లో రెండు రకాలు వేస్తే విత్తనం కలుస్తుంది. ఒక ఊరివాళ్ళంతా ఒకే రకం అనుకుని వేసుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ఎర్ర దారం మొక్కలను విడిగా కోసి, విడిగా కొట్టి, విడిగా ఆరబెట్టాలి. పంటి కింద వేస్తే టక్కున విరిగేంత ఆరాలి. గాలి చొరబడని సీసాలో పోసి చల్లని చోట పెడితే మరుసటి సీజనుకు బాగా మొలుస్తుంది. రెండో ఏడాదికి మొలక పరీక్ష చేయకుండా వాడవద్దు.

పంచేటప్పుడు పొట్లం మీద అయిదు విషయాలు ఉండాలి: పంట పేరు, రకం పేరు (తెలియకపోతే 'రకం తెలియదు' అని), కోసిన నెల, సంవత్సరం, మొలక శాతం, ఇచ్చినవారి పేరు, ఊరు. మందు పట్టించిన విత్తనమైతే ఎర్ర సిరాతో 'తినరాదు' అని రాయాలి. పొట్లం పైన ఒకసారి, లోపల చీటీ మీద ఒకసారి. ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యం 'రకం తెలియదు' అని నిజం రాయడం. తెలియని దానికి మంచి పేరు తగిలించి ఇస్తే, ఆ తప్పు మూడేళ్ళలో మూడు ఊళ్ళకు పాకుతుంది. తర్వాత దిద్దడం ఎవరి వల్లా కాదు.

ఇలా చేతి విత్తనం ఇచ్చిపుచ్చుకోవడం మనకు కొత్తేమీ కాదు. జహీరాబాదు దగ్గర పస్తాపూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు జొన్న, కొర్ర, సామ వంటి పాత పంటల విత్తనాన్ని ఊరూరా ఇలాగే నిలబెట్టుకున్నాయి. తీసుకున్నవాళ్ళు పంట వచ్చాక ఎక్కువ కొలత తిరిగి ఇస్తారు, అది మరొకరికి వెళుతుంది. ఆ సొసైటీకి 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మనమూ ఆ లెక్కే పెట్టుకోవచ్చు. 60 గ్రాములు తీసుకున్నవారు 120 గ్రాములు తిరిగి ఇవ్వాలి, పంట పోతే ఏమీ ఇవ్వనక్కర్లేదు, కానీ ఎందుకు పోయిందో చెప్పాలి. ఎందుకు పోయిందో తెలిస్తే తర్వాత వేసేవారికి అదీ పనికొస్తుంది.

చట్టం ఒప్పుకుంటుందా అని కొందరు భయపడుతుంటారు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షను ప్రకారం రైతు తన పొలంలో పండిన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షణ పొందిన రకమైనా సరే. చేయకూడనిది ఒక్కటే, దాన్ని బ్రాండు విత్తనంగా ప్యాక్ చేసి, లేబులు వేసి అమ్మకూడదు. మనం చీటీ మీద వివరాలు రాసి తోటి రైతుకు ఇవ్వడం బ్రాండు కిందకు రాదు.

అమ్మకం

కలోంజికి పెద్ద మార్కెట్లు మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మంద్‌సౌర్. గుంటూరు యార్డు మిర్చికి పెట్టింది పేరు, దీనికి కాదు. క్వింటా రెండు క్వింటాళ్ళు పట్టుకుని నీమచ్ పోలేరు. కాబట్టి రెండు సెంట్ల నుంచి పది సెంట్లకు వెళ్ళే ముందే మీ ఊరి దగ్గర బేకరీ, పచ్చళ్ళు పెట్టేవాళ్ళు, ఆయుర్వేద మందుల కొట్లు ఏడాదికి ఎంత కొంటారో కనుక్కోండి. ప్యాకెట్ కట్టి పేరు పెట్టి అమ్మదలిస్తే ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నమోదు ఉండాలి. నలుగురైదుగురు కలిసి ఎక్కువ పండిస్తే యడ్లపాడు మండలం వంకాయలపాడులోని స్పైసెస్ పార్కు, గుంటూరులోని స్పైసెస్ బోర్డు కార్యాలయం వారిని కలిసి కొనుగోలుదారుల వివరాలు అడగవచ్చు.

విత్తనం మేమే ఇస్తాం, పంట మేమే కొంటాం అని కిలోకు వేలు అడిగేవాళ్ళు వస్తే లోనికి రానివ్వవద్దు. సఫేద్ ముస్లి రోజుల్లో ఆ మాట నమ్మి, కొన్న దుంపలు గదిలో కుళ్ళిపోతుంటే నా బల్ల ముందు కూర్చుని ఏడ్చిన రైతు నాకింకా గుర్తున్నాడు. నల్లజీలకర్ర విత్తనం ఎకరాకు మూడు కిలోలే. పక్క రైతు దగ్గర 60 గ్రాములు దొరికితే మీకు ఎవరి ఒప్పందమూ అక్కర్లేదు.

ఈ సీజనులో వేయదలచినవారు సెప్టెంబరు నెలాఖరుకే విత్తనం సంపాదించి మొలక పరీక్ష పెట్టుకోండి. 14 రోజుల పరీక్ష, అది బాగోకపోతే మరో విత్తనం వెతుక్కోవడానికి ఇంకో వారం, ఈలోగా అక్టోబరు రెండో పక్షం వచ్చేస్తుంది.